స్పానిష్‌కు దారి ఇంగ్లీషు మీదుగానే పోవాలా?

ఈ నెల మా ఇంటి పేజీలో పాత ఫోటోలు లేవు, చిక్కపేట దుకాణం లెక్కల పుస్తకాలూ లేవు. ఈసారి ఒక అభిప్రాయం రాస్తున్నాం. ఒప్పుకోకపోయినా పర్వాలేదు, చివరిదాకా చదవండి.

బెంగళూరు, హోసూరు, చెన్నై, ముంబై, ఇంకా దూరాల్లో ఉన్న మన తెలుగు ఇళ్ళలో ఎవరైనా ఒక కొత్త భాష సొంతంగా నేర్చుకోవాలనుకుంటే, దాన్ని ఇంటి భాష మీదుగా నేర్చుకోవాలి. ఇంగ్లీషు సాయం తీసుకోవచ్చు గానీ, దారంతా ఇంగ్లీషు మీదుగా వేసుకోకూడదు. ఆడియో పాఠాలు, ఫ్లాష్ కార్డులు పెట్టుకుని స్పానిష్ నేర్చుకుంటూ మొదటి ఏడాది మేము పడిన తిప్పలు, రెండో ఏడాది ఆ తిప్పలు తగ్గిన తీరు చూశాక మాకు కుదిరిన అభిప్రాయం ఇది.

కొత్తగా చదివేవాళ్ళకు ఒక మాట. ఈ పేజీలో ఎవరు రాసినా "నేను" అని రాయకూడదు, "మేము" అనే రాయాలని మా అవ్వ పెట్టిన నియమం. ఇల్లు మాట్లాడుతోంది, మనిషి కాదు అంటుంది ఆమె. కాబట్టి కింద కనబడే తప్పులన్నీ ఒక్కరివే అయినా, లెక్కలో మాత్రం ఇంటివి.

మా పని సాఫ్ట్‌వేర్ టెస్టింగ్. మూడేళ్ళ కిందట మా టీముకు మెక్సికోలో వాడే ఒక యాప్ పరీక్షించే పని వచ్చింది. స్పానిష్ తెరల్లో అక్షరాలు పెట్టె దాటి బయటికి పోతున్నాయా, బటన్ మీద మాట సగంలో తెగుతోందా అని చూడాలి. స్పానిష్ మాటలు చాలాసార్లు ఇంగ్లీషు కంటే పొడుగు. "సెట్టింగ్స్" అన్న చోట "కొన్ఫిగురాసియోన్" వస్తుంది. అందుకని మేము కొలతలు చూసుకుంటూ పోయాం, మాటలు చదవలేదు. చదివేకి రాదు కూడా.

ఒక తెర మీద సంవత్సరం అనే అర్థంలో "ఆన్యో" అని ఉండాలి. స్పానిష్‌లో ఆ "న్య" శబ్దానికి ఇంగ్లీషు "ఎన్" అక్షరం మీద చిన్న అలలాంటి గీత ఉంటుంది. ఏ ఫాంట్ మార్పులోనో ఆ గీత ఎగిరిపోయి "ఆనో" అయింది. ఆ మాటకు అర్థం, మనిషి ఒంట్లో నలుగురిలో పేరు చెప్పకూడని చోటు. మేము దాన్ని "పాస్" కొట్టి పంపించాం. అవతలివాళ్ళు ముందు నవ్వారు, తరవాత నవ్వలేదు. తప్పు పూర్తిగా మాదే. ఆ వారమే స్పానిష్ నేర్చుకోవాలని పట్టుపట్టాం.

మొదట అందరూ చేసేదే చేశాం. ఫోన్‌లో ఆడియో కోర్సు పెట్టుకుని తెల్లారి లాల్‌బాగ్‌లో నడవడం మొదలుపెట్టాం. చెవిలో ఇంగ్లీషు గొంతు ఒక వాక్యం చెప్పి, దాన్ని స్పానిష్‌లో అనమంటుంది. కాసేపు ఆగుతుంది. ఆ ఖాళీలో మనం బయటికి అనాలి. ఆ తరవాతే అసలు జవాబు వినిపిస్తుంది. ఒంటరిగా గొణుక్కుంటూ పోయే మమ్మల్ని చూసి రోజూ వచ్చే పెద్దాయన ఒకాయన, ఏ స్తోత్రం చదువుతున్నారని కన్నడంలో అడిగాడు కూడా.

ఈ పద్ధతి గాలిలోంచి పుట్టింది కాదు. 1885లో జర్మనీలో హెర్మన్ ఎబ్బింగ్‌హాస్ అనే ఆయన అర్థం లేని అక్షరాల గుంపులు తానే బట్టీపట్టి, ఎంతసేపట్లో ఎంత మరిచిపోతున్నాడో తన మీదే లెక్కగట్టి పుస్తకం వేశాడు. మరుపు మొదట్లో చాలా వేగంగా, ఆ తరవాత నిదానంగా వస్తుందని చూపించాడు. 1967లో అమెరికాలో పాల్ పిమ్స్‌లర్ అనే భాషా బోధకుడు, ఒక కొత్త మాటను మళ్ళీ ఎప్పుడెప్పుడు అడగాలో ఒక వరస ఇచ్చాడు. 5 సెకన్లు, 25 సెకన్లు, 2 నిమిషాలు, 10 నిమిషాలు, 1 గంట, 5 గంటలు, 1 రోజు, 5 రోజులు, 25 రోజులు, 4 నెలలు, 2 ఏళ్ళు. ఆయన పేరుతో ఉన్న ఆడియో కోర్సులు ఇప్పటికీ అరగంట పాఠాలుగా దొరుకుతాయి. 1972లో జర్మన్ రచయిత సెబాస్టియన్ లైట్నర్ ఇదే ఆలోచనను అరల పెట్టెగా మార్చాడు. జవాబు తెలిసిన చీటీ తరవాతి అరలోకి పోతుంది, దాన్ని ఆలస్యంగా అడుగుతారు. తెలియని చీటీ మొదటి అరకు తిరిగి వస్తుంది, దాన్ని రోజూ అడుగుతారు. 2006 నుంచి వస్తున్న "అంకి" అనే ఉచిత ప్రోగ్రాం ఈ లెక్కనే కంప్యూటర్ చేత చేయిస్తుంది. జపనీస్‌లో అంకి అంటే కంఠస్థం చేయడం.

టెస్టింగ్ చేసేవాళ్ళకు ఇది కొత్త కాదు. కొత్త బిల్డ్ వచ్చిన ప్రతిసారీ పాతవి చెడిపోలేదని మళ్ళీ నడిపి చూస్తాం, దాన్ని రిగ్రెషన్ అంటాం. భాషలోనూ అంతే. "పేరో" అంటే "కానీ" అని బాగా వచ్చాక, "పెర్రో" అంటే కుక్క అని నేర్చుకున్న రోజు పాతది చెడిపోతుంది. రెండూ మళ్ళీ అడగాలి.

పద్ధతి మంచిదే. అయినా ఏడాది తిరిగేసరికి మా నోట రావాల్సినంత రాలేదు. కార్డు మీద చూస్తే తెలుస్తుంది, వీడియో కాల్‌లో అవతలి మనిషి ఎదురుగా ఉంటే నోరు పెగలదు. ఎందుకో అర్థం కావడానికి మా చదువు సంగతి చెప్పాలి.

పదో తరగతి దాకా మేము కన్నడ మీడియం. ఇంట్లో తెలుగు, వీధిలోనూ బడిలోనూ కన్నడం. పీయూసీలో సైన్సు తీసుకున్న రోజు ఇంగ్లీషు మీద పడింది. మొదటి ఆరు నెలలు పాఠం ఇంగ్లీషులో వినడం, దాన్ని కన్నడంలోకి మార్చుకోవడం, అప్పుడు అర్థం చేసుకోవడం. అంతలో లెక్చరర్ రెండు పేజీలు దాటిపోయేవాడు. తరగతిలో కన్నడంలో సందేహం అడిగినందుకు నవ్వించుకున్నవాళ్ళం. ఆ రోజుల్లో మాకు ఒక నమ్మకం గట్టిగా కూర్చుంది. తెలివైన సంగతి ఏదైనా ఇంగ్లీషు గుమ్మం దాటే లోపలికి రావాలని. స్పానిష్ దగ్గరికి వచ్చినప్పుడు కూడా ఆ నమ్మకాన్నే వెంట తీసుకుపోయాం.

మా కార్డులకు ఒకవైపు స్పానిష్, రెండోవైపు ఇంగ్లీషు. అంటే పీయూసీలో చేసిన పనే మళ్ళీ. మెదడులో తెలుగులో పుట్టిన మాట ఇంగ్లీషులోకి పోయి, అక్కణ్ణుంచి స్పానిష్‌లోకి పోవాలి. మెజెస్టిక్‌కు పోవడానికి ముందు వైట్‌ఫీల్డ్‌కు పోయి తిరిగొచ్చినట్టు.

ఇది మార్చింది పుస్తకం కాదు, మా అవ్వ. ఆమెకు ఇప్పుడు 84 ఏళ్ళు. హిందూపురం పక్క పల్లెలో అయిదో తరగతి దాకా తెలుగులో చదివింది. పెళ్ళయి బెంగళూరు వచ్చేటప్పటికి కన్నడం ఒక్క ముక్క రాదు. కూరగాయల బండి దగ్గర, కొళాయి దగ్గర, పక్కింటివాళ్ళ పెరట్లో విని నేర్చుకుంది. ఈరోజు ఆమె మాట్లాడితే కన్నడంవాళ్ళే అనుకుంటారు. కానీ కన్నడ లిపి మాత్రం నేర్చుకోలేదు. మా సంగతి దానికి తిరకాసు. కన్నడం రాయడం వచ్చు, తెలుగు మాట్లాడటం వచ్చు, తెలుగు రాయడం రాదు.

ఒక ఆదివారం కార్డులు ముందేసుకుని కూర్చుంటే అవ్వ వచ్చి, "ఇటీ, నేను అడుగుతా, నువ్వు చెప్పు" అంది. ఇంగ్లీషు కార్డు ఆమెకు చదివేకి రాదు. సరే అని ఆ రాత్రి ఒక యాభై కార్డులు కన్నడ లిపిలో రాశాం. అవీ రావు. "నాకు వచ్చే అక్షరాల్లో రాయి. పెద్దగా రాయి, కండ్లు కనపడవు" అంది. ముప్పై దాటిన వయసులో, స్పానిష్ కోసం, మేము తెలుగు అక్షరాలు దిద్దడం మొదలుపెట్టాం.

కన్నడం చదివినవాళ్ళకు ఇది రెండు వారాల పని. ఒకప్పుడు రెండు భాషలదీ ఒకే లిపి. శాసనాల్లోని ఆ పాత రూపాన్ని తెలుగు-కన్నడ లిపి అనే పిలుస్తారు. చాలా అక్షరాలు చూడగానే పోలుస్తాయి. క, త లాంటివి కొన్ని మోసం చేస్తాయి. తలకట్టు కన్నడంలో అడ్డగీతలా ఉంటే తెలుగులో టిక్కు గుర్తులా ఉంటుంది. ఇంకో వింత, కన్నడంలో ఈరోజుకీ రాసే అర్కావొత్తు, అవ్వ పాత నోటు పుస్తకంలో వలపలగిలకగా కనబడింది. ఇప్పటి తెలుగు అచ్చులో దాన్ని దాదాపు వదిలేశారు. అవ్వ చేతిరాతలో ఆ ఒక్క గుర్తును మేము ముందు చదవగలిగాం, ఎందుకంటే అది మా బడి గుర్తు.

ఇంట్లో మిగిలిన పాత శుభలేఖల అట్టలు కత్తిరించి కార్డులు చేశాం. ఒకవైపు స్పానిష్, రెండోవైపు తెలుగు, అదీ మా ఇంట్లో మాట్లాడే తెలుగు. మైసూరుపాకు డబ్బాలో అట్టముక్కలు అడ్డం పెట్టి అయిదు అరలు. అప్పుడు తెలిసింది స్పానిష్ మనకు ఎంత దగ్గరగా నడుస్తుందో.

ముందు నోటి సంగతి. ఇంగ్లీషు మీదుగా నేర్చుకున్నంత కాలం "తొమాతే"ను "టొమాటే" అన్నాం. స్పానిష్ "త" మన "త"లాగే నాలుక పళ్ళకు తగిలి పుట్టేది. "ప, త, క" శబ్దాల్లో ఇంగ్లీషువాళ్ళు మాట మొదట్లో వదిలే ఊపిరి కూడా అందులో ఉండదు. అచ్చులు అయిదే, అ, ఎ, ఇ, ఒ, ఉ. రాసినట్టే పలుకుతారు. మాటల్లో చాలావరకు అచ్చుతోనే ముగుస్తాయి, మన అజంతాల్లాగా. "పేరో", "పెర్రో" తేడా పలకలేక ఇంగ్లీషువాళ్ళు నెలలు కష్టపడతారట, మనకు "గురి"కీ "గుర్రం"కీ ఉన్న తేడాలాంటిదే అనుకుంటే సగం పని అయిపోయింది. "న్య" శబ్దం ఉన్న "మన్యానా", అంటే రేపు, అవ్వ మొదటిసారికే సరిగ్గా అంది.

తరవాత వాక్యం. "మే గుస్తా ఎల్ కఫే" అనే వాక్యానికి ఇంగ్లీషు కోర్సులో పది నిమిషాల వివరణ ఉంది. ఇక్కడ కర్త నేను కాదు, కాఫీ, అది నాకు నచ్చుతుంది, అంటూ. తెలుగు కార్డు మీద రెండే మాటలు, "నాకు కాఫీ నచ్చుతుంది" కూడా అక్కర్లేదు, "నాకు ఇష్టం" చాలు. "మే దువెలే లా కబేసా" అంటే "నాకు తల నొస్తోంది". మనం పుట్టినప్పటి నుంచి ఆ "నాకు"తోనే బతుకుతున్నాం. కన్నడంలోనూ "ననగె" అదే.

ఇంగ్లీషులో ఒకటే "ఈజ్" ఉంటే స్పానిష్‌లో రెండున్నాయి. ఆమె డాక్టరు అనాలంటే "ఎస్ మెదికా", ఆమె ఇంట్లో ఉంది అనాలంటే "ఎస్తా ఎన్ కాసా". ఈ రెంటికీ తేడా పట్టుబడక మేము ఏడాది తడబడ్డాం. తెలుగులో చూడండి. "ఆమె డాక్టరు", దీంట్లో క్రియే లేదు. "ఆమె ఇంట్లో ఉంది", దీంట్లో ఉంది. మన భాష ఆ రెంటినీ ముందే విడదీసి పెట్టింది. ప్రతిచోటా ఇదే లెక్క సరిపోదు, "అలిసిపోయి ఉన్నాను" లాంటివి విడిగా నేర్చుకోవాల్సిందే. కానీ మొదటి మెట్టు మన ఇంట్లోనే ఉంది.

క్రియ చివర చూస్తే మనిషి తెలిసిపోవడం కూడా మనకు అలవాటే. "మాట్లాడతాను" అంటే ముందు "నేను" అక్కర్లేదు. "ఆబ్లో" అన్నా అంతే. "తూ" అంటే నువ్వు, "ఉస్తెద్" అంటే మీరు. క్లయింటును "తూ" అనకూడదని, ఇంగ్లీషులో అందరినీ "యూ" అనే అలవాటు పడినవాళ్ళకు చెప్పాలి, మనకు చెప్పాలా?

ఇక మాటలు. అవ్వకు అన్నిటికంటే ఇష్టమైన అర ఇది. పోర్చుగీసువాళ్ళు మన తీరాలకు వచ్చినప్పుడు వాళ్ళ మాటలు మన భాషల్లోకి వచ్చాయి. పోర్చుగీసూ స్పానిషూ అక్కాచెల్లెళ్ళు. అందుకని బాల్చీ స్పానిష్‌లో "బాల్దే", తువ్వాలు "తొఆయా", బొత్తాం "బొతోన్", అల్మారా "అర్మారియో", మేస్త్రీ "మాయెస్త్రో". సపోటా, టమాటా రెండూ మెక్సికో పాత భాష నవాట్లోంచి స్పానిష్ ద్వారా లోకమంతా తిరిగిన పేర్లు. "ఇదంతా మన మాటే కదరా, దీనికి డబ్బులిచ్చి నేర్చుకున్నావా?" అంది అవ్వ.

ఇంగ్లీషు వల్ల ఉపయోగమే లేదని మేము అనడం లేదు. అలా అంటే అబద్ధం. ఇంగ్లీషులో "షన్"తో ముగిసే చదువుల మాటలు వందలకొద్దీ స్పానిష్‌లో "సియోన్"తో ముగుస్తాయి. "లాంగ్వేజ్ ట్రాన్స్‌ఫర్" అనే ఉచిత స్పానిష్ ఆడియో కోర్సు, మొత్తం 90 పాఠాలు, ఈ సంగతిని చాలా బాగా చెబుతుంది. క్రియ వాక్యం మధ్యలో రావడం కూడా ఇంగ్లీషుకే దగ్గర. ఇక బల్ల ఆడది, చెట్టు మగది అనే లింగాల గొడవకు తెలుగూ అక్కరకు రాదు, ఇంగ్లీషూ రాదు. "ఎల్, లా" అని మాటతో కలిపి బట్టీ కొట్టడమే. కాబట్టి మా లెక్క ఇది. పెద్ద చదువుల మాటలకు ఇంగ్లీషు, నోటికీ వాక్యానికీ ఇంటి మాటలకూ తెలుగు. ఏది ఎక్కడ పనిచేస్తే అక్కడ వాడాలి. మేము చేసిన తప్పు, అంతటికీ ఒకటే తాళంచెవి అనుకోవడం.

ఇది మేము కనిపెట్టిందేం కాదు. ఈ ఊరి పేటల్లో అందరూ ఎప్పుడూ చేసిందే. మా తాత చిక్కపేట దుకాణంలో తెలుగు, కన్నడం, తమిళం, దక్కనీ ఉర్దూ, బేరానికి సరిపడా మార్వాడీ మాట్లాడేవాడు. ఇంగ్లీషు రాదు. ఒక్కో భాషను తనకు వచ్చిన దాని పక్కన పెట్టుకుని నేర్చుకున్నాడు. మెజెస్టిక్ బస్టాండులో, అవెన్యూ రోడ్డు పాత పుస్తకాల షాపుల్లో "ముప్పై రోజుల్లో కన్నడం" లాంటి పలచని పుస్తకాలు ఉండేవి. ఒక వరసలో కన్నడ మాట తెలుగు అక్షరాల్లో, పక్కన తెలుగు అర్థం. మేము శుభలేఖల అట్టల మీద చేసింది ఆ పుస్తకం పనే. మధ్యలో ఒక తరం వాళ్ళం దాన్ని చిన్నచూపు చూసి వదిలేశాం.

ఇది విన్న బంధువులు రెండు ప్రశ్నలు అడిగారు. జవాబు చెప్పాలి.

మొదటిది: "స్పానిష్ కోసం ఇంత తంటా ఎందుకు? పిల్లలకు తెలుగే సూటిగా నేర్పొచ్చు కదా?" నేర్పాలి, ఎవరు వద్దన్నారు? 2011 జనాభా లెక్కల్లో ఒక్క కర్ణాటకలోనే తెలుగు మాతృభాష అని చెప్పినవాళ్ళు 35 లక్షల పైచిలుకు. అందులో మాలాగా మాట వచ్చి అక్షరం రాని ఇళ్ళు ఎన్నో మీకే తెలుసు. మా ఇంట్లో మూడుసార్లు ఆదివారం తెలుగు పాఠాలు మొదలై మూడుసార్లు ఆగిపోయాయి. పిల్లలకు అది ఇంకో హోంవర్కు, పెద్దలకు తీరని బాకీ. స్పానిష్ కార్డుల ఆటలో తెలుగు బాకీ కాదు, పనిముట్టు. మా అన్న కూతురికి ఎనిమిదేళ్ళు, ఇంగ్లీషు మీడియం. అవ్వ తెలుగులో అడిగితే ఇంగ్లీషులో జవాబు చెప్పే పిల్ల. కార్డులు అడిగే వంతు తనకూ కావాలని గొడవ చేసింది. అడగాలంటే వెనకవైపు చదవాలి. అలా "బాల్చీ", "తువ్వాలు" చదివింది. ఆరు నెలల తరవాత అవ్వ గదిలో తెలుగు క్యాలెండరు మీద "ఏకాదశి" అని కూడబలుక్కుని చదివింది. తెలుగు వచ్చేసిందని మేము డప్పు కొట్టడం లేదు. పెద్ద వాక్యం వస్తే ఇప్పటికీ ఆగిపోతుంది. అయినా మూడు ఆదివారం బడులు చేయలేని పని ఇది.

రెండోది: "ఇంట్లో మాట్లాడేది బెంగళూరు తెలుగు, సగం కన్నడం. దాన్ని కార్డుల మీద ఎక్కిస్తే పిల్లలకు తప్పు తెలుగు రాదా?" ఈ భయం మాకూ ఉండేది. "చదివేకి" అని రాయాలా, "చదవడానికి" అని రాయాలా? చివరికి రెండూ రాశాం, ముందు ఇంటిది, కింద పుస్తకానిది. నోరు తెరవగానే వచ్చే మాట మీదే కొత్త భాషను కట్టగలం. ఇంకొకరి నోటి తెలుగు మీద కట్టాలంటే అది మాకు మళ్ళీ ఇంకో ఇంగ్లీషే అవుతుంది.

చేయాలనుకునేవాళ్ళకు మా అనుభవంలో పనికొచ్చినవి చెబుతాం. రోజుకు ఒక్క ఆడియో పాఠం చాలు, కానీ ఖాళీలో బయటికి అనాలి. మనసులో అనుకుంటే లెక్కలోకి రాదు, మెట్రోలో వినడం వల్ల మాకు ఒరిగింది తక్కువ. పాఠంలో ఇంగ్లీషు వాక్యం రాగానే ముందు దాన్ని ఇంట్లో ఎలా అంటారో అనుకోండి, అప్పుడు స్పానిష్. కొత్త కార్డులు రోజుకు పది దాటొద్దు. మేము మొదటి నెల నలభై చేసి, రెండో నెలలో రోజుకు రెండు వందల పాత కార్డులు మీద పడితే వారం రోజులు పెట్టె ముట్టలేదు. విడి మాట కంటే చిన్న వాక్యం రాయండి. స్పానిష్ ఉచ్చారణను తెలుగు అక్షరాల్లో రాసుకోండి, కానీ అసలు స్పెల్లింగు కూడా పక్కనే ఉండాలి, లేకపోతే మళ్ళీ "ఆన్యో" కథే. అడిగేవాళ్ళు ఇంట్లో పెద్దవాళ్ళయితే మరీ మంచిది. వాళ్ళకు స్పానిష్ రావాల్సిన పనిలేదు. తెలుగు వైపు చదివితే చాలు, తప్పు చెబితే మన మొహం చూసి కనిపెట్టేస్తారు.

ఒక కార్డు మాత్రం ఏ అరలోకి పోవాలో ఇంకా తేలలేదు. "నొసోత్రోస్". ఇంగ్లీషు కార్డు మీద "వీ" అని ఉండేది, ఎప్పుడూ తప్పు పోలేదు. తెలుగు కార్డు రాసేటప్పుడు మేము "మనం" అని రాశాం. అవ్వ చదివి, "ఈడ నేనుండానా, లేదా?" అంది. అర్థం కాలేదు. "మనం అంటే నన్నూ కలిపినట్టు, మేము అంటే నన్ను బయట పెట్టినట్టు. ఏది రాయాల?" స్పానిష్‌లో రెంటికీ ఒకటే మాట. కన్నడంలోనూ "నావు" ఒకటే. బడిలో పన్నెండేళ్ళు "నావు" అని అనీ అనీ ఆ తేడా మా నోట ఎప్పుడో చెరిగిపోయింది. చిన్నప్పటి నుంచి "రేపు మనం సినిమాకు పోతాండాం" అని అవ్వతో చెప్పి, ఆమెను ఇంట్లో వదిలి పోయినవాళ్ళం. అలా ఎన్నిసార్లు చీర మార్చుకుని కూర్చుందో మేము అడగలేదు, ఆమె చెప్పలేదు.

ఇప్పుడు ఆ కార్డు వెనక రెండు మాటలూ రాసి ఉన్నాయి. అవ్వ అది తీసిన ప్రతిసారీ ముందు ఒక వాక్యం చెప్పి, అందులో తాను ఉందో లేదో తేల్చుకున్నాకే జవాబు ఒప్పుకుంటుంది. వచ్చే ఆదివారం మీ ఇంట్లోనూ ఒక పది కార్డులు రాసి చూడండి. ఏ భాష అయినా సరే, స్పానిష్షే కానక్కర్లేదు. వెనకవైపు ఏ లిపిలో, ఎవరి మాటల్లో రాశారో మాకు రాయండి.